తెర మీద లేని గెడ్డ

నాకు కోపం ఎక్కువని కర్రిపుట్టులో చిన్నా పెద్దా అందరూ అంటారు. అది అబద్ధం. నాకు తొందర ఎక్కువ. ఎదుటివాళ్ళు నిదానంగా ఉంటే ఆ తొందరకు తిక్క రేగుతుంది, అంతే. ముప్పై నాలుగేళ్ళు ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైన టైటస్ మాస్టారుని నేను. ఇప్పుడు పెదబయలుకు పైన ఉన్న ఈ సొంతూరికి వచ్చేసి, ప్రార్థన మందిరం పక్క గదిలో ఊరి కంప్యూటరు చూసుకుంటున్నాను. చూసుకోవడమంటే, నేను తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయకుండా కాపలా కాయడం.

ఆ కంప్యూటరు ఎక్కడో మూలపడ్డది. పాడేరులో కాలేజీ ల్యాబ్ చూసే హేమలత దాన్ని తుడిచి, బాగుచేసి, లినక్స్ వేసి మాకు పంపింది. హేమలత నా దగ్గర ఆరో తరగతి చదివింది. లెక్క ఇస్తే అందరూ చేసేశాక కూడా ఆ గుంట ఇంకా వెనక్కి వెళ్ళి మొదటి వరస సరిచూసుకుంటూ కూర్చునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. "నత్తా" అని పిలిచేవాణ్ణి. క్లాసంతా నవ్వేది. కంప్యూటరు ఇచ్చేటప్పుడు ఆ నత్త నాకు రెండే మాటలు చెప్పింది. "మాస్టారూ, పటం ఈ పెన్‌డ్రైవ్‌లో కూడా ఒకటి దాచుకోండి. తెర మీద ఏదైనా అడిగితే చదివి నొక్కండి." పెన్‌డ్రైవ్ ఇంకా కవరు విప్పకుండా నా అలమరలో ఉంది. రెండో మాట సంగతి చెబుతాను.

పటమంటే మా ఊరి అడవి హద్దు. అడవి మీద ఊరికి హక్కు కాగితం రావాలంటే హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించాలి. పోయిన వానాకాలం పంతొమ్మిది రోజులు నడిచాం. ముందు అసిరమ్మ, వెనక ఊరు, ఆ వెనక నడిచిన దారి కొలిచే జీపీఎస్ ఫోను పట్టుకుని నేను. అసిరమ్మకు డెబ్భై దాటాయి. ఏ మలుపు పేరేమిటో, ఏ చింతచెట్టు ఎవరి తాత నాటిందో ఆవిడకే తెలుసు. ఆవిడ కర్ర ఆనించి పేరు చెబుతుంది. అంతటితో అయిపోదు. వెనకున్న ప్రతివాడూ ఔననాలి. మా ఊళ్ళో దారికి అడ్డంపడ్డ ముళ్ళకంప తీయాలన్నా అందరూ ఔననాల్సిందే. ఒక్కడు బీడీ ముట్టించుకోవడానికి ఆగితే వాడు వచ్చేదాకా హద్దూ ఆగుతుంది. ఈలోపు నేను గొణుక్కుంటూ, దోమలు కొట్టుకుంటూ నిలబడేవాణ్ణి.

ఆ నడకలో అసిరమ్మ మోకాలు వాచింది. మళ్ళీ తగ్గలేదు. "ఇంకోపాలి ఆ కొండ ఎక్కనేను మేస్టారూ. నేనుండగానే గీత పడిపోవాల," అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. నాకు తొందర ఉంది గానీ మనసు లేకపోలేదు కదా.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సర్వేశ్వరరావు గారనే ఆఫీసరు వస్తారని కబురు వచ్చింది. పటం కళ్ళతో చూసి, సరే అని రాసి, కాగితాలు పైకి పంపుతారు. సోమవారం నుంచి ఆయనకు వేరే ఊరు. ఆ రోజు చూపించలేకపోతే కొత్తవాళ్ళు వస్తారు, మళ్ళీ మొదటి నుంచి నడవమంటారు. అసిరమ్మ లేకుండా ఎవరు నడుస్తారు?

మా పాత మానిటరు వేసవి పిడుగుకు పోయింది. అందుకని మందిరంలో గోడకున్న పెద్ద టీవీ దింపి, మధ్యలో ఒక చిన్న డబ్బా పెట్టి కంప్యూటరుకు కలిపాను. పదకొండింటికి ఊరంతా వచ్చి కింద కూర్చుంది. పటం వచ్చింది. ఎర్రటి గీత, దాని వెంట నేను కొట్టిన పేర్లు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అసిరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చూసింది. "మా గెడ్డేదీ?" అంది.

"ఉంది అసిరమ్మప్పా. పైన ఉంది."

"పైనేటి? నాకు కనబడ్డం నేదు."

నిజమే. టీవీ నాలుగు పక్కలా అంగుళం చొప్పున బొమ్మను మింగేస్తోంది. గెడ్డ, అంటే మా కొండవాగు, ఉన్నది ఉత్తరం కొసన. వెనక నుంచి సోములమ్మ లేచింది. సోములమ్మ అసిరమ్మకు కోడలు వరస, ఆవిడ గొంతు కన్నా ఊళ్ళో గంట చిన్నది. "గెడ్డ నేకపోతే ఇంకేటున్నట్టు? మా నీల్లు అక్కడివి, ఇస్తర్లు కుట్టే అడ్డాకులు అక్కడివి!" అంది. ఇంక చూడండి, ముప్పై గొంతులు. గెడ్డ లేదు, గెడ్డ లేదు.

"గెడ్డ ఎక్కడికీ పోలేదు! టీవీ అంచు కోసేస్తోంది! అంతే!" అని అరిచాను. "ఉండండి, బొమ్మ సైజు మారుస్తాను."

"నిదానంగా సేయి మేస్టారూ," అంది అసిరమ్మ.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. నాకు నిదానమని చెబితే చేతులు ఇంకా వేగంగా కదులుతాయి. డిస్‌ప్లే సెట్టింగులు తెరిచాను. అంకెల వరస ఒకటి వచ్చింది. అన్నిటికన్నా పెద్ద అంకె నొక్కాను. పెద్దది పెడితే పెద్దగా కనిపిస్తుందని ఎవడైనా అనుకుంటాడు. తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. ఏదైనా మారిస్తే ఈ యంత్రం ఒక పెట్టె చూపించి "ఉంచనా?" అని అడుగుతుందని నాకు తెలుసు. ఔననకపోతే ఊరుకోదు, మా ఊరివాళ్ళ లాగే. అందుకని అది కనబడే వరకు ఎందుకని ఆ చీకట్లోనే ఎంటర్ కొట్టేశాను.

టీవీ మీద "సిగ్నల్ లేదు" అని పడింది. అంతే. ఇంకేమీ లేదు.

"ఇప్పుడు గెడ్డతో పాటు కొండ కూడా పోయిసింది," అంది సోములమ్మ.

ఆపి మళ్ళీ పెట్టాను. నా పేరు, పాస్‌వర్డ్ అడిగే తెర చక్కగా వచ్చింది. హమ్మయ్య అనుకుని పాస్‌వర్డ్ కొట్టాను. మళ్ళీ నలుపు. ఇంకోసారి ఆపాను. గడప దాకా రానిచ్చి ముఖాన తలుపు వేస్తోంది. మూడోసారి నేను టేబుల్ మీద గుద్దిన గుద్దుకు అసిరమ్మ తన టీ గ్లాసు తీసి ఒళ్ళో పెట్టుకుంది. లోపల నాకు భయం పట్టుకుంది. పంతొమ్మిది రోజుల నడక ఆ నల్లటి డబ్బాలో ఉంది. రెండోది ఎక్కడా లేదు. నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను.

మా ఊళ్ళో ఫోను సిగ్నలు ఒక్క చోటే దొరుకుతుంది. ఊరి పైన నల్లబండ మీద. పోయి నిలబడి, ముఖం పడమటికి తిప్పితే మాట వస్తుంది. ఆయాసపడుతూ ఎక్కాను. హేమలత ఫోనెత్తింది. నేను మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చెప్పేశాను.

"మాస్టారూ, ముందు ఊపిరి తీసుకోండి."

"ఊపిరి సంగతి తర్వాత. పటం ఉందా పోయిందా?"

"ఎక్కడికీ పోలేదండి. యంత్రం బాగానే ఉంది. టీవీకి అర్థంకాని బొమ్మ పంపుతోంది, అంతే. బొమ్మలతో పనిలేని ఇంకో తలుపు ఉంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ మూడు, మూడూ కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తుంది. మీ పేరు కొట్టండి, పాస్‌వర్డ్ కొట్టండి. అది చేసి మళ్ళీ రండి."

దిగి వెళ్ళి నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి! అందరూ ఓ అని అరిచారు. పేరు కొట్టాను, కనబడింది. పాస్‌వర్డ్ కొట్టాను, కనబడలేదు. ఒక్క చుక్కా లేదు. గట్టిగా కొట్టాను. కీబోర్డు తలకిందులు చేసి దులిపాను. అందులోంచి రెండు మరమరాలూ ఒక చీమా పడ్డాయి గానీ అక్షరం పడలేదు. మళ్ళీ బండ ఎక్కాను. రెండు మోకాళ్ళూ తిట్టాయి.

"అది అంతేనండి మాస్టారూ," అంది హేమలత. గొంతులో నవ్వు దాచుకుంటోందని తెలుస్తూనే ఉంది. "ఎవరూ చూడకుండా దాస్తుంది. కనబడకపోయినా కొట్టి ఎంటర్ నొక్కండి."

ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా అనబోయి ఆగాను. రెండోసారి దిగేసరికి పన్నెండున్నర. గుమ్మంలో కూలబడ్డాను. అసిరమ్మ నా వంక చూసి, "నువ్వు కూకో. మేం కేకేత్తాం," అంది.

కేక అంటే మా కొండల మీద ఒక పని. ఈ కొండ మీద చోళ్ళు, అంటే రాగులు, కోసేవాళ్ళు ఆ కొండ మీద కందులు కాసేవాళ్ళతో మాట్లాడేది కేకతోనే. దానికో పద్ధతి ఉంది. ఒకడు కేకేస్తాడు. విన్నవాడు విన్నది విన్నట్టు తిరిగి కేకేస్తాడు. సరిపోతేనే తర్వాతి మాట. లేకపోతే మళ్ళీ మొదటిదే. ఆ పద్ధతి చూస్తే చిన్నప్పటి నుంచీ నాకు అరికాలి మంట.

అసిరమ్మ కర్రతోనే మనుషులను నిలబెట్టేసింది. గాసి నా ఫోను పట్టుకుని బండ మీదకు వెళ్ళాడు. కందుల కాపలాలో అడవి పందులను తోలి తోలి వాడి గొంతు కొమ్ముబూర అయింది. సోములమ్మ సగం దూరంలో పనసచెట్టు కింద నిలబడింది. కనబడని పాస్‌వర్డ్ కొట్టి, లోపలికి పోయి, నేను యంత్రం ముందు. నా పక్కన అసిరమ్మ.

పైనుంచి మొదటి కేక వచ్చింది. అది కొట్టాల్సిన అక్షరం కాదు, ప్రశ్న.

"మేస్టారోయ్! తెర నల్లబడ్డాక ఏటైనా నొక్కారా అని అడగతందీ!"

సోములమ్మ దాన్ని తిరిగి పైకి అప్పజెప్పి, తర్వాత నాకు కిందికి కేకేసింది. నేను ఆలోచించాను. గది నిండా జనం. "ఏమీ నొక్కలేదని చెప్పు," అన్నాను.

"నొక్కాడూ!" అని నా పక్కనే అసిరమ్మ కేకేసింది. ఆ ముసలి గొంతులో అంత సత్తువ ఉందని నాకు తెలీదు. "పెద్ద మీట! నేను సూసాను!"

"నొక్కాడూ!" అంది పనసచెట్టు. "నొక్కాడూ!" అంది బండ. కాసేపటికి జవాబు దిగివచ్చింది. గాసి దాన్ని ఊరికీ అడవికీ కలిపి వినిపించాడు.

"నొక్కకుండా ఊరుకునుంటే! ఇరవై నెక్కెట్టేలోగా! దానంతట అదే! పాత బొమ్మకి వచ్చిసీదటా!"

ఎదుటి కొండ మీద పశువులు తోలుకుపోతున్నవాడెవడో ఆగి, "ఏటయిందీ?" అని కేకేశాడు. గాసి వాడికి కూడా చెప్పాడు. పద్ధతి ప్రకారం వాడు కూడా తిరిగి అప్పజెప్పాడు. "మేస్టారు ఇరవై నెక్కెట్టనేకపోనాడటా!" ముప్పై నాలుగేళ్ళు ఎక్కాలు చెప్పినవాణ్ణి నేను! సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ యంత్రం ఇరవై సెకన్ల సేపు, ఎవరూ ఔననకపోతే వెనక్కి వెళ్ళిపోదామని మర్యాదగా నిలబడింది. మా ఊరి పద్ధతే దానిది కూడా. అది తెలియకుండా అడ్డదిడ్డంగా నొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే.

తర్వాత అక్షరాలు మొదలయ్యాయి. ఒక్కొక్కటీ హేమలత నోటి నుంచి గాసికి, గాసి నుంచి సోములమ్మకు, సోములమ్మ నుంచి నాకు. వాళ్ళిద్దరికీ ఇంగ్లీషు రాదు. కానీ విన్నది విన్నట్టు చెప్పడం వచ్చు.

"యమ్మ్మ్!" యమ్ కొట్టాను. తర్వాతిది ఎన్ అయి ఉంటుందని చెయ్యి ముందుకు పోయింది. నా మణికట్టు మీద కర్ర పడింది.

"యమ్ అని తిరిగి సెప్పనేదు నువ్వు," అంది అసిరమ్మ.

"యమ్!" అని అరిచాను. అది కొండెక్కి వెళ్ళింది. అప్పుడు వీ వచ్చింది. ఆ తర్వాత ఖాళీ. ఆ తర్వాత చుక్క. వాలుగీత అనేదాన్ని గాసి, "కర్ర పడిపోతన్నట్టు ఉంటాదటా!" అని తేల్చాడు. మధ్యలో సోములమ్మకు దగ్గు వచ్చింది. ఊరంతా ఆగింది. నేను పళ్ళు కొరుక్కున్నాను గానీ మీట మీద వేలు పెట్టలేదు. మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కమంటే నొక్కాను. మిగతా పేరు యంత్రమే పూర్తిచేసింది. "అదిగో, దానికీ తెలుసు," అని వెనక నుంచి ఎవరో మెచ్చుకున్నారు.

"ఇప్పుడు దానికి కొత్త పేరెట్టమంటందీ! ఏదైనా సరేనటా!"

నేను చెడగొట్టిన సెట్టింగులు దాచిన కాగితం లాంటిది అది. దానికి వేరే పేరు పెట్టేస్తే యంత్రానికి దొరకదు. దొరకకపోతే తనకు తోచిన మామూలు బొమ్మ చూపిస్తుంది. అంత చిన్న పని. నాకు పేరు తోచింది, అయినా ఈసారి అడిగాను. "పాతది అని పెడదామా?" ఒకరి తర్వాత ఒకరు ఔనన్నారు. పాతది అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఎంటర్ నొక్కి, కంప్యూటరు మళ్ళీ మొదలుపెట్టాను.

పేరు, పాస్‌వర్డ్. తెర నల్లబడింది. ఎవరో చిన్నగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నారు. నాలుగు దగ్గర వెలుతురు వచ్చింది. పటం తెరిస్తే ఎర్రటి గీత చెక్కు చెదరకుండా ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అసిరమ్మ మాత్రం నిదానంగా టీ గ్లాసు ఒళ్ళోంచి తీసి టేబుల్ మీద పెట్టింది.

అప్పటికి రెండూ యాభై. కింద జీపు హారను వినబడింది. పటం మళ్ళీ అలాగే ఉంది, అంచులు తెగి. గెడ్డ లేదు. నా చెయ్యి దానంతట అదే సెట్టింగుల వైపు వెళ్ళింది.

కర్ర మళ్ళీ పడింది. "ఆ బొమ్మని కిందకి నాగడానికి నేదా?"

ఉంది. మౌసు పట్టుకుని లాగితే పటం ఎటైనా జరుగుతుంది. రోజూ చేసే పనే అది. పొద్దున్నే చేసి ఉంటే ఈ గొడవే లేదు. నోరు మూసుకుని లాగాను. తెగిన అంచు కిందికి దిగి గెడ్డ నీలంగా కనబడింది. సర్వేశ్వరరావు గారు అప్పుడే చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. మంచి మనిషి, కానీ చేతి గడియారం చూసుకుంటున్నారు. "బాగుంది మాస్టారూ, చక్కగా ఉంది. సరే అనుకుందామా? చీకటి పడేలోపు ఘాటు దిగాలి," అన్నారు.

సరే అనడానికి నా నోరు తెరుచుకుంది. అలవాటు. అసిరమ్మ మాత్రం కుర్చీలోంచి లేచి, వాచిన కాలు ఈడ్చుకుంటూ తెర దగ్గరకు వెళ్ళింది. గీత మీద వేలు పెట్టింది. ఎర్రగీత గెడ్డకు ఇవతలి గట్టు వెంట పోతోంది.

"గెడ్డ నేదన్నాను కదా," అంది మెల్లగా.

గెడ్డ దగ్గర నడిచిన రోజు వరద. దాటలేక ఇవతలి గట్టునే నడిచాం. ఆవిడ కర్రతో అవతలి గట్టు చూపించి ఏదో చెప్పింది. సరే సరే, తర్వాత రాసుకుంటానన్నాను. రాసుకోలేదు. పొద్దున్న ముప్పై గొంతులు గెడ్డ లేదని మొత్తుకుంటే, పటం చూడకుండా టీవీని తిట్టాను. గెడ్డ నిజంగానే లేదు. మా నీళ్ళూ అడ్డాకులూ హద్దు బయట ఉన్నాయి. నేను సరే అని ఉంటే ఎప్పటికీ బయటే ఉండేవి.

"సార్," అన్నాను, "తప్పు నాది. వీళ్ళు చెప్పారు, నేను వినలేదు. దిద్దాలి. అందరూ ఔనన్నాకే మీకు చూపిస్తాను. మీరు టీ తాగుతూ ఉండండి."

ఆయన గడియారం చూశారు, నన్ను చూశారు, గది నిండా ఉన్న జనాన్ని చూశారు. కూర్చున్నారు.

గీతను అవతలి గట్టుకు జరిపాను. ఒక్కో మలుపు దగ్గరా ఆగి అడిగాను. పదకొండు మలుపులు. నలభై నిమిషాలు పట్టింది. చివర్న యంత్రం పెట్టె చూపించింది. మార్పులు దాచనా అని అడుగుతోంది. పైకి చదివి వినిపించి, కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. లోపలికి వచ్చిన సోములమ్మ ఔనంది, బండ మీంచే గాసి కేకేసి ఔనన్నాడు. వెనకవాళ్ళు ఔనన్నారు. బీడీకి బయటకు పోయినవాడు వచ్చేదాకా ఆగాం. వాడూ ఔనన్నాడు. అప్పుడు అసిరమ్మ వేలు చాపి, పెద్ద మీట తనే నొక్కింది. పెన్‌డ్రైవ్ కవరు ఆ రోజే చింపాను.

సర్వేశ్వరరావు గారు రాసి, సంతకం పెట్టి, జీపెక్కారు. గాసి ఇంకా బండ మీదే ఉన్నాడు. "గుంట మళ్ళీ ఫోన్ సేసిందీ! పనయిందా అని అడగతందీ!" అని కేకేశాడు.

"అయిందని చెప్పు," అన్నాను సోములమ్మతో. "నత్త అన్నందుకు మాస్టారు తప్పు ఒప్పుకుంటున్నాడని కూడా చెప్పు," అన్నాను.

సోములమ్మ నా ముఖం ఒకసారి చూసి, ఊపిరి తీసుకుని, కొండ అదిరేలా కేకేసింది. గాసి తిరిగి అప్పజెప్పాడు. ఎదుటి కొండ మీద పశువులవాడు కూడా అడగకుండానే అప్పజెప్పాడు. కాసేపటికి పైనుంచి జవాబు దిగింది.

"మేస్టారోయ్! సరిగ్గా వినబడనేదటా! ఇంకోపాలి సెప్పమంటందీ!"

గదిలో అందరూ పకపకా నవ్వారు. నాకు కోపం రాలేదు, ఒట్టు. "ఉండమను, నేనే వస్తున్నాను," అని, మోకాళ్ళు పట్టుకుని మూడోసారి బండ ఎక్కడం మొదలుపెట్టాను. నిదానంగా.